మా ఇంటి మీటింగులు నడిపిన వదిన

వదిన పోయిందన్న కబురు నాకు ఫోన్‌లో, మా ఇంటివాళ్ళ గ్రూపులో వచ్చింది. స్కూల్లో మూడో పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూములో కూర్చుని ఫోన్ తెరిచాను. ముందు కనబడింది ఆ పొద్దున వదిన పెట్టిన పోల్. ఆదివారం చేపలా, కోడా? నవ్వుకుని చేపల మీద నొక్కాను. దాని కింద మేనకోడలు హిందీలో రాసిన మూడు మాటలున్నాయి. "మమ్మీ నహీ రహీ." అమ్మ ఇక లేదు.

నేను తెరను పైకి జరిపి మళ్ళీ పోల్ చూశాను. కిందకి జరిపి మళ్ళీ ఆ మూడు మాటలు చూశాను. ఆదివారం కూర సంగతి ఆ మనిషి ఈ పొద్దున్నే అడిగింది. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు. పక్కన కూర్చున్న టీచరు "క్యా హువా?" అని అడిగితే, "మా వదిన చేపలా కోడా అని అడిగింది" అన్నాను. నా నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు. ఏదో మంచి కబురే అనుకుని తల ఊపింది.

ఇది రాస్తున్నా నాకు పూర్తిగా తేరుకున్నట్టు లేదు. వదిన గురించి నాకు తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో కూడా సరిగ్గా చెప్పలేను. తెలిసినంత చెబుతాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. పుట్టింది పెరిగింది జంషెడ్‌పూర్‌లోనే. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చినవాడు. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం పెళ్ళయ్యాక మా అమ్మ దగ్గర నేర్చుకుంది. ఊరి శివారు గమ్హరియాలో బండ్ల విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. మొదట్లో ఉత్తరాలు టైపు చేసేది. తర్వాత ఆ ఫ్యాక్టరీ వాళ్ళు మీటింగుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. కొన్నారు గానీ నేర్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. "మీరు చూడండి మేడమ్" అని ఈవిడకి అప్పగించారు. అప్పట్నుంచి మీటింగులు నడపడమే ఆవిడ పనయింది.

ఒకసారి మా స్కూలుకి సెలవైతే నన్ను కూడా తీసుకెళ్ళింది. గదిలో పొడుగాటి బల్ల, ప్రతి కుర్చీ ముందూ ఒక లాప్‌టాప్, గోడకి పెద్ద తెర. ఆ రోజు సంగతి షిఫ్టు బస్సు వేళలు మార్చాలా వద్దా అని. ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ తల వంచుకుని టైపు చేస్తున్నారు. ఎవరేం రాసినా గోడ మీద ఒక పసుపుపచ్చ చీటీలా పడుతోంది, పేరు లేకుండా. పెద్ద సారు రాసిందీ అలాగే, స్టోర్స్‌లో కొత్తగా చేరిన కుర్రాడు రాసిందీ అలాగే. వదిన నిలబడి ఒక్కొక్క చీటీ పైకి చదువుతోంది. మంచి మాటైనా, పిచ్చి మాటైనా అదే గొంతు. ఒక చీటీలో "బస్సు సమయానికి వస్తుంది, ఆఫీసర్లే సమయానికి రారు" అని ఉంది. దాన్నీ అదే గొంతుతో చదివింది.

పెద్ద సారు ముఖం ఎర్రబడింది. ముందుకి వంగి, "కిస్‌నే లిఖా?" అన్నాడు, ఎవరు రాశారని.

"మషీన్ కో నహీ పతా సర్. ముఝే భీ నహీ" అంది వదిన. మషీన్‌కీ తెలీదు, తనకీ తెలీదు అని చెప్పి, తర్వాతి చీటీ చదివేసింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "నిజంగానే నీకు తెలీదా వదినా?"

"రాసే తీరు బట్టి తెలుత్తాది. తెలిసినా తెల్దనుకోడమే నా జీతం" అంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. చీటీలన్నీ పడ్డాక, ఒక్కొక్క ప్రతిపాదనకి అందరూ సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. మార్కులన్నీ ఒక గీత మీద చుక్కలుగా పడతాయి. కింద సగటు వస్తుంది. అందరూ ఆ సగటు అంకె చూసి లేచిపోబోతే వదిన ఆపేదట. ఆఫీసులో దాన్ని 'బిఖ్రావ్' అనేది. మా ఇంట్లో 'చెదురు' అనేది. "సగటు సూడకండి, చెదురు సూడండి. అందరూ ఐదు ఏసినా సగటు ఐదే. సగం మంది పది, సగం మంది సున్నా ఏసినా ఐదే. రెండూ ఒకటేటి?" ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్క లేదు. నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేటప్పుడు కూడా ఇదే చెబుతాను. ఎవరు చెప్పారో పిల్లలకి చెప్పను.

ఇంటికి ఆ పద్ధతి ఎప్పుడు తెచ్చిందో సరిగ్గా గుర్తు లేదు. బహుశా మేనకోడలు ఏ కోర్సులో చేరాలన్నప్పుడు. గోవింద్‌పూర్‌లో వాళ్ళిల్లు చిన్నది. అన్నయ్య ట్రక్కుల కంపెనీలో రేకులు నొక్కే ప్రెస్ షాపులో పనిచేస్తాడు. ఆ యంత్రాల హోరులో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అరుపే. ఇంట్లో ఏ సంగతి తేలాలన్నా అన్నయ్య గొంతే గెలిచేది. ఒకనాడు వదిన లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, అందరినీ ఫోన్లు తెచ్చుకోమంది.

అమ్మకి కోపం వచ్చింది. "ఓలమ్మా, ఇంట్లో ఉన్నది గుప్పెడు మనుసులం. దీనికి కంపూటర్ని అడగాలేటి?"

"కంప్యూటర్ని అడగట్నేదు అత్తా. మీ అబ్బాయి గొంతు తగ్గిత్తన్నాను. ఇందులో అందరి అచ్చరాలూ ఒకే సైజు."

అమ్మకి ఫోన్‌లో టైపు చెయ్యడం రాదు. మనవరాలి చెవిలో చెప్పేది. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ రాయడం రాదు. అందుకని అమ్మ తెలుగులో చెప్పింది ఆ పిల్ల హిందీలో వేసేది. తన మాటా హిందీలోనే వేసేది. కాబట్టి హిందీ చీటీలన్నీ ఆ ఇద్దరిలో ఎవరివో ఒకరివి. ఎవరివన్నది మాత్రం వాళ్ళిద్దరికే తెలియాలి.

మాటలు వేడెక్కితే వదిన లేచి తిల్‌కుట్ డబ్బా తెచ్చి అందరి చేతుల్లో తలొక ముక్క పెట్టేది. "నోటికి పనుంటే మాట మెత్తబడతాది" అనేది. నిజంగానే నువ్వులూ బెల్లమూ పళ్ళకి అంటుకుని కాసేపు ఎవరం మాట్లాడలేకపోయేవాళ్ళం. ఫ్రిజ్ కొనడం, మేనకోడలిని రాంచీ కాలేజీకి పంపడం, మేడ మీద గది వెయ్యకపోవడం, అన్నీ అలా తేలినవే. ఏ ఒక్కటీ అన్నయ్య అనుకున్నట్టు జరగలేదు. అయినా అన్నయ్య మళ్ళీ మీటింగుకి కూర్చునేవాడు. ఓడిపోయినా తన మాట పైకి చదివారని ఆయనకి లోపల బాగుండేదేమో.

ఈ వేసవిలో వదినకి మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. పరీక్షలు చేశారు. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. దక్షిణాదికి వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఆపరేషన్‌లో ప్రమాదం లేకపోలేదు. లేదా మందులతో నెట్టుకురావచ్చు. కొందరు ఏళ్ళ తరబడి బాగానే ఉంటారు, కొందరు ఉండరు. డాక్టరు ఇంతవరకూ చెప్పి, "మీరు ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోండి" అన్నాడట.

వదిన ఆ మాటని ఉన్నదున్నట్టుగా తీసుకుంది. ఇంట్లో మీటింగ్ పెట్టింది.

అన్నయ్య, అమ్మ, రాంచీ నుంచి వచ్చిన మేనకోడలు, నేను. విశాఖపట్నం నుంచి వదిన తమ్ముడు వీడియోలో. టీవీ మీద ప్రశ్న రాసి ఉంది. 'ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, మందులతో ఆగి చూడాలా?' ఎవరికి అన్నది ఆ వాక్యంలో ఎక్కడా లేదు. నాకు ఆ ఖాళీ మీదే చూపు పోయింది. వదిన టీవీ పక్కన నిలబడి, డాక్టరు చెప్పిన రెండు వైపుల సంగతులూ చెప్పింది. ఏ వైపు మాటా ఒత్తి పలకలేదు. బస్సు వేళల గురించి చెప్పినట్టే చెప్పింది.

"ఇప్పుడే చేయించాలనుకుంటే పది. ఆగుదామనుకుంటే సున్నా. మద్దెలో మీ ఇష్టం. ఏయండి."

చుక్కలు పడ్డాయి. కొన్ని ఆ చివర, కొన్ని ఈ చివర. మధ్యలో ఏమీ లేదు.

"సూశారా? సగటు ఐదు దగ్గరుంది. ఐదు ఎవరూ ఎయ్యనేదు" అంది వదిన. ఇలా చెదిరితే మళ్ళీ మార్కులు వేసే ముందు కారణాలు రాయాలి. అది ఆవిడ నియమం.

"మమ్మీ, ఆప్ కా కిత్‌నా?" అంది మేనకోడలు.

"మీటింగ్ నడిపేవోళ్ళు మార్కు ఎయ్యరు."

అన్నయ్య ఇక ఆగలేకపోయాడు. "గుండె నీది! నీకేం కావాలో సెప్పకుండా మమ్మల్నడుగుతావేటి?"

"అరవకండి. రాయండి."

అన్నయ్య ఒక్క వేలితో, మీట మీటకీ ఆగి, రాశాడు. మేమూ రాశాం. చీటీలు పడ్డాయి. వదిన చదివింది. 'ఆపరేషన్ అయితే నేను సెలవు పెట్టి తోడు వెళ్తాను.' అదే గొంతు. 'భయంగా ఉంది.' అదే గొంతు. 'ఇంత దూరం తీసుకెళ్ళి ఏమైనా అయితే?' అదే గొంతు. తర్వాత హిందీలో ఒక చీటీ పడింది. 'ముఝే వో చాహియే, బస్.' నాకు తను కావాలి, అంతే.

దాన్ని కూడా చదివింది. చీటీల్ని ఆపరేషన్ వైపు కొన్ని, ఆగే వైపు కొన్ని జరుపుతోందప్పటిదాకా. దీన్ని ఒకసారి ఇటు జరిపింది, ఒకసారి అటు జరిపింది. చివరికి మధ్యలో వదిలేసింది.

"ఇది ఎటువైపుదీ కాదు" అంది.

రెండోసారి మార్కులు వేశాం. ఈసారి చుక్కలన్నీ ఒకేచోట కుప్పగా పడ్డాయి. ఆగి చూద్దాం వైపు. వదిన ఆ కుప్పని చాలాసేపు చూసింది. సంతోషించినట్టు లేదు, బాధపడినట్టూ లేదు.

"ఇంత బేగి దగ్గరకొచ్చేశారంటే ఒకళ్ళ మొకం ఒకళ్ళు సూసి ఏశారన్నమాట" అంది.

"పోనీ మళ్ళీ వేయమంటావా?" అన్నాను.

"ఒద్దు. బలవంతంగా చెదరగొట్టకూడదు. దసరా పూజలయ్యాక మళ్ళీ కూకుందాం." లాప్‌టాప్ మూసేసి, తిల్‌కుట్ డబ్బా కోసం లోపలికి వెళ్ళింది. ఆ రోజు ఎవరూ గొడవ పడలేదు. అయినా తెచ్చింది.

నేను టెల్కో కాలనీలో మా ఇంటికి తిరిగి వెళ్ళాలి. రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చింది. మెల్లగా నడుస్తున్నాం, ఆవిడ ఆయాసం కోసం. షిఫ్టు వదిలిన వేళ. రోడ్డు నిండా మోటారు సైకిళ్ళు. ఆ రొదలోనే అడిగాను.

"నిజం చెప్పు వదినా. నీకేం కావాలి?"

"నాకు తెల్దు."

"అందరికీ చెప్పకపోతే మానెయ్. నాతో అయినా..."

"తెల్దంటే తెల్దమ్మా. తెలిసినోళ్ళు మీటింగ్ ఎందుకు ఎడతారు? నిర్ణయం అయిపోయాక కబురు సెబుతారు. ఆఫీసులో పెద్దసార్లు సేసేది అదే కదా. నాకు నిజంగా తెల్దు, అందుకే మిమ్మల్ని అడిగాను." ఆటో వచ్చింది. నేనెక్కాక లోపలికి వంగి, "మీకూ తెల్దని ఇయాల తెలిసింది. ఒక్కదానికే తెలీకపోడం కన్నా ఇది నయం" అంది.

ఆ మాట నాకు ధైర్యం చెప్పినట్టో, నింద వేసినట్టో ఇప్పటికీ తేల్చుకోలేను. చెప్పేటప్పుడు నవ్వింది. ఆ నవ్వుని పట్టుకుని ధైర్యమే అనుకుంటాను ఒక్కో రోజు.

పూజల దాకా ఉండలేదు. ఆ పొద్దున పోల్ పెట్టి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుందట. అన్నయ్య టీ ఏదని అడగడానికి వెళ్ళేసరికి అయిపోయింది. డాక్టరుని అడిగాం. ఆపరేషన్ చేయించి ఉంటే బతికేదా? "చెప్పలేం. బల్ల మీదే జరగరానిది జరిగి ఉండొచ్చు, ఇరవై ఏళ్ళు ఉండి ఉండొచ్చు" అన్నాడు. ఆయన మాట కూడా ఆ చివరా ఈ చివరా పడ్డ చుక్కల్లాగే ఉంది.

పదో రోజు కార్యక్రమాలయ్యాక అందరం ముందు గదిలో కూర్చున్నాం. విశాఖ నుంచి వదిన తమ్ముడూ వచ్చాడు. అన్నయ్య లాప్‌టాప్ తీసి ఆ మీటింగ్ తెరిచాడు. అన్నీ అలాగే ఉన్నాయి, చీటీలు, చుక్కలు.

"మొదటిసారి నేను పది ఏశాను" అన్నాడు అన్నయ్య. "రెండోసారి ఎందుకు తగ్గించానో..."

"మీరు పది వేశారా బావా? ఆగుదామన్నది మీరే అనుకున్నాను. మీ కోసమే నేను తగ్గించాను" అన్నాడు వదిన తమ్ముడు.

తర్వాత అన్నయ్యకే అనుమానం వచ్చింది, తను వేసింది పదేనా అని. తమ్ముడూ తడబడ్డాడు. నేనూ తెరకేసి చూశాను. అందులో ఒక చుక్క నాది. ఏదో నాకు తెలియదు. మొదటిసారి ఆపరేషన్ వైపు వేశానని ఒక రోజు గట్టిగా అనిపిస్తుంది. మర్నాడు కాదనిపిస్తుంది. పేరు లేకుండా రాసిన మాట వేరేవాళ్ళకి దొరకదని వదిన చెప్పేది. రాసినవాళ్ళకి కూడా దొరకదని చెప్పలేదు.

మధ్యలో ఆ హిందీ చీటీ అలాగే ఉంది. మేనకోడలిని అడిగాను, ఇది నువ్వు రాసిందేనా అని.

"దాదీ నే బోలా థా. మైనే టైప్ కియా" అంది. నాన్నమ్మ చెప్పింది, నేను టైపు చేశాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నానేటీ సెప్పనేదు. నాకు నోరే రానేదు ఆ పూట. పిల్లే రాసుకుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఆ పిల్ల నెమ్మదిగా జరిగి నాన్నమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మ ఆ జుట్టు సర్దుతూ ఉండిపోయింది. అన్నయ్య లాప్‌టాప్ మూసేశాడు.

ఒక ఇంటి మనుషులు ఒక మనిషి గుండె గురించి మార్కులు వెయ్యవచ్చా అని బంధువుల్లో కొందరు అన్నారు. నాకు జవాబు తెలియదు. వెయ్యకపోతే ఏం జరిగేదో మాత్రం తెలుసు. అన్నయ్య అరిచేవాడు. ఆయన అరుపులో ఆయన భయం మాకెవరికీ వినబడేది కాదు. ఆ రోజు ఒక పసుపు చీటీలో 'భయంగా ఉంది' అని చదివినప్పుడు ముఖం తిప్పుకున్నది అన్నయ్యే. అది ఆయన రాసిందో కాదో నాకు తెలియదు. ఆయన భయపడతాడని మాత్రం అంతకుముందు తెలియదు. ఇన్నేళ్ళ అన్నాచెల్లెళ్ళం. వదినే నాకు ఆ సంగతి చూపించింది. అందుకు ఆవిడకి నేను ఋణపడి ఉన్నాను. ఇంకా దేనికి ఋణపడి ఉన్నానో పూర్తిగా తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టేలా ఉంది.

మొన్న ఆదివారం ఫోటో కట్టించడానికి గోవింద్‌పూర్ బజారుకి వెళ్ళాం. వదిన తమ్ముడు ఊరికి వెళ్ళే ముందు అది కూడా అయిపోవాలన్నాడు. అమ్మ తనూ వస్తానంది. అందరం ఆ చిన్న దుకాణంలో ఇరుక్కుని నిలబడ్డాం. రెండు ఫోటోలు పెద్దవి చేయించి తెచ్చాం. ఒకటి ఎవరి పెళ్ళిలోనో తీసింది, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది, కళ్ళు సగం మూసుకుపోయాయి. ఇంకోటి ఆఫీసు కార్డు కోసం తీసింది, జుట్టు గట్టిగా దువ్వి, సూటిగా చూస్తోంది.

"కౌన్ సా లగాఊఁ?" అన్నాడు ఫ్రేములాయన, ఏది కట్టమంటారని.

నేను అన్నయ్య ముఖం చూశాను. అన్నయ్య కూతురి ముఖం చూశాడు. ఆ పిల్ల నాన్నమ్మని చూసింది. అమ్మ నన్ను చూసింది. వదిన తమ్ముడు ఏదో అనబోయి, "మీ ఇష్టం బావా" అన్నాడు. అన్నయ్య చాలా చిన్న గొంతుతో, "మీరు సెప్పండి" అన్నాడు.

ఫ్రేములాయన పెద్దమనిషి. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసి ఉంటాడు. "కోయి జల్దీ నహీ", తొందరేం లేదు అని, రెండు ఫోటోల్నీ అద్దం బీరువాకి ఆనించి పక్కపక్కన నిలబెట్టి, లోపల మేకులు కొట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. మేం అలాగే నిలబడి ఉన్నాం. ఒక వదిన నవ్వుతోంది. రెండో వదిన మాలో ఎవరు ముందు నోరు తెరుస్తారా అని చూస్తోంది.